దాచినందుకు పోయిన కోళ్లు
(వార్షిక మహాసభలో ఎల్లారెడ్డి మండలం నుంచి ఒక సభ్యురాలి ప్రసంగం)



నన్ను కోళ్ల గురించి మాట్లాడమన్నరు. లాభం వచ్చిన బ్యాచ్ గురించి చెప్తనేమో అనుకున్నరు. నేను పోయిన బ్యాచ్ గురించి చెప్త.

సంఘం నుంచి బ్యాంకు లింకేజీ అప్పు తీసుకుని వెయ్యి బాయిలర్ కోళ్ల షెడ్డు వేసిన. 2025 ఫిబ్రవరిలో, కోడిపిల్లలకు నాలుగు వారాలు నిండినయి. అప్పుడే గోదావరి జిల్లాల్లో, వేల్పూరులో, కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ అని టీవీలో వచ్చింది. మా షెడ్డులో ఒకరోజు తొమ్మిది కోళ్లు చచ్చినయి. తెల్లారి నలభై. పచ్చగా పారుతున్నయి, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నయి, కొన్ని మెడ తిప్పుకుని తిరుగుతున్నయి.

నేను ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఊరంతా బర్డ్ ఫ్లూ అంటరు, ఉన్న కోళ్లు ఎవరూ కొనరు, కిస్తీ ఎట్ల కట్టాలె అని భయం. చచ్చినవాటిని సంచిలో కట్టి రాత్రిపూట చెరువు కట్ట కింద పారేయించిన. కుక్కలు వాటిని ఊళ్లోకి గుంజుకొచ్చినయి. వారం తిరగకముందే మా సంఘంలోనే ఒక అక్కవి, భర్త లేని మనిషి, పదకొండు నాటుకోళ్లు చచ్చినయి. ఆమెకు గుడ్ల పైసలే పైఖర్చు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుతది.

మూడో రోజు పశువుల డాక్టరుకు ఫోన్ చేసిన. ఆయన చచ్చిన కోడిని కోసి చూసిండు. పొట్టలో రక్తపు చుక్కలున్నయి. కొక్కెర రోగం లాగుంది, డాక్టర్లు రాణిఖేత్ అంటరు, కానీ కంటితో చూసి తేల్చలేం అన్నడు. నమూనాలు పంపిండ్రు. బర్డ్ ఫ్లూ కాదు, కొక్కెర రోగమే అని వచ్చింది. అప్పటికి సగం షెడ్డు ఖాళీ.

మరి టీకా వేసిన గదా అని అడిగిన. ఏడో రోజు కంట్లో చుక్కలు వేసిన మాట నిజమే. మూడో వారం నీళ్లలో పట్టే మందు కామారెడ్డి నుంచి తెచ్చిన, ఐసు లేకుండా, బస్సులో చేతిసంచిలో. దాన్ని నల్లా నీళ్లలో కలిపిన. అది బతికున్న వైరస్‌తో చేసిన మందట. ఎండకు చస్తది, నల్లా నీళ్లలో వేసే క్లోరిన్‌కూ చస్తది. అంటే నేను పట్టింది ఉత్త నీళ్లే! ఇప్పుడు ఐసు డబ్బాలో తెస్త, బోరు నీళ్లలో కొద్దిగా వెన్న తీసిన పాలపొడి కలిపి పడ్త. అంతకుముందు గంట, రెండు గంటలు నీళ్లు పెట్టను, దూప మీద తొందరగా తాగుతయి. మందు కలిపినంక రెండు గంటల్లో అయిపోవాలె.

ఇంకో సంగతి. మన దగ్గర బాయిలర్‌కు బర్డ్ ఫ్లూ టీకా వేయరు. అది అని భోపాల్ ల్యాబ్‌లో తేలితే చుట్టూ కిలోమీటరు లోపల కోళ్లన్నీ చంపేస్తరు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడ్తరు. మన తెలంగాణలో 2015 ఏప్రిల్‌లో హయత్‌నగర్ దగ్గర తొర్రూరులో అట్లనే చేసిండ్రు. నష్టపరిహారం సర్కారు చంపించిన కోళ్లకే ఇస్తది, రోగంతో ముందే చచ్చినవాటికి రాదు. నాలాగ రోజులు దాచిపెట్టుకుంటే ఆ పైసలు కూడా పోతయి అక్కా.

చచ్చిన కోళ్లను లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చాలె. షెడ్డు వాకిట్లో కాళ్లు ముంచే మందు నీళ్ల తొట్టి పెట్టాలె. కోళ్ల వ్యాపారి బండి, మేత సంచులు, పక్క షెడ్డు కూలీ, వీటితోనే రోగం వస్తది. వ్యాపారిని లోపలికి రానీయకుంటే మొదట అలిగిండు, ఇప్పుడు గేటు దగ్గరే తూకం.

ఉడికిన కూర తింటే ఏం కాదు. రోగపు కోడిని మాత్రం కోయొద్దు, పిల్లల చేతికి పచ్చి ముక్క ఇయ్యొద్దు. 2025లో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప బర్డ్ ఫ్లూతోనే చనిపోయింది, పచ్చి మాంసం ముక్క నోట్లో పెట్టుకుందని పేపర్లో వచ్చింది. కోడిని శుభ్రం చేసేది మన ఆడోళ్లమే, ముక్కుకు గుడ్డ, చేతికి గ్లౌజులు మనకే కావాలె.

ఆ అక్కకు నేను టీకా వేయించిన పదకొండు నాటు పిల్లల్ని ఇచ్చిన. ఊరికే తీసుకోనన్నది, సగం పైసలు సంఘం ముందటనే ఇచ్చింది. ఇప్పుడు నా షెడ్డులో ఇంకో బ్యాచ్ ఉంది, ఇరవయ్యో రోజు. రేపు పొద్దున నీళ్ల మందు పట్టాలె. అందుకే భోజనాలకు ఆగకుండా మధ్యాహ్నం బస్సుకే పోతున్న, ఏమనుకోకుండ్రి.