మట్టితో నేర్చుకొను శరీరశాస్త్రము

మన పిల్లలు శరీర నిర్మాణమును ఎట్లు నేర్చుకొనుచున్నారు? పాఠ్యపుస్తకములో ఒక అస్థిపంజరము బొమ్మ ఉండును. దానికి బాణపు గుర్తులు, ఆ గుర్తుల చివర పేర్లు. పెరిగిన మనుష్యుని దేహములో 206 ఎముకలు కలవని పిల్లలు తడుముకొనకుండ చెప్పగలరు. కాని, "నీ అరచేతిని బోర్లించు; ఇప్పుడు ముంజేతిలోని రెండెముకలు ఎట్లున్నవి?" అని అడిగినచో ఆ చదువు అక్కడ ఆగిపోవును. పేరు నోటికి వచ్చినది గాని, ఆకారము చేతికి రాలేదు.

ఈ లోటు తీర్చుటకు విలువైన పరికరములు అక్కరలేదు. కుమ్మరి మట్టి ఒక ముద్ద, కొన్ని వెదురు పుల్లలు, కొంత దారము చాలును. పైచేతికి ఒక పుల్ల. ముంజేతికి రెండు. మణికట్టు కడ ఎనిమిది మట్టి గుళికలు. అరచేతికి ఐదు పుల్లలు. బొటనవ్రేలికి రెండు ముక్కలు, తక్కిన నాలుగు వ్రేళ్ళకు మూడేసి. మణికట్టు మొదలు వ్రేళ్ళ కొనల వరకు లెక్కించినచో 27 ఎముకలు తేలును. ఇప్పుడు ఆ బొమ్మచేతిని వెల్లకిల త్రిప్పుడు. ముంజేతి పుల్లలు రెండును ప్రక్కప్రక్కన ఉండును. బోర్లించుడు. బొటనవ్రేలి వైపు పుల్ల రెండవదాని మీదుగా అడ్డముగా పోవును. తాళము త్రిప్పుటకు, గరిటె త్రిప్పుటకు మనకు వీలు కలిగించునది ఈ అమరికయే. ఒకసారి కట్టి చూచిన బాలుడు దీనిని మరల మరచిపోడు.

ఇది నేటి పద్ధతి కాదు. శస్త్రవైద్యము నేర్చువారు తొలుత గుమ్మడి, సొర, దోస వంటి కాయల మీద కోతను, తామరతూళ్ళ మీద సిరావేధమును, మనుష్యాకారముగల బొమ్మ మీద కట్లు కట్టుటను అభ్యసింపవలెనని సుశ్రుత సంహిత విధించినది. 18వ శతాబ్దిలో ఇటలీ దేశపు బొలోన్యా నగరములో అన్నా మొరాండి అను విదుషీమణి మైనముతో శరీరావయవములను మలచి బోధించెను. 19వ శతాబ్దిలో ఫ్రెంచి వైద్యుడు లూయీ ఓజూ కాగితపు గుజ్జుతో మనుష్యుని, గుఱ్ఱమును, ఇతర జంతువులను విడదీసి మరల కూర్చదగిన ప్రతిమలుగా నిర్మించెను.

ఈ విషయము మనకు నేడు మరింత అవసరమైనది. 2011లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము జంతుశాస్త్ర బోధనలో జంతువులను కోయుటను క్రమముగా తగ్గింపవలెనని మార్గదర్శక సూత్రములను వెలువరించినది. మూగజీవుల ప్రాణములు దక్కుట సంతోషకరమే. అయితే కత్తిని తీసివేసిన చోట చిత్తరువు మాత్రమే మిగిలినచో, విద్యార్థి చేతికి పని లేకుండ పోవును. ఆ చోటున మట్టిముద్దను ఉంచవలెనని మేము కోరుచున్నాము.

మట్టి మరియొక పాఠమును కూడ నేర్పును. మనము కట్టిన చేతిని చెరుపక, దాని కొలతలను మాత్రము మార్చి చూతము. నాలుగు వ్రేళ్ళను బాగుగా సాగదీసి, వాని నడుమ పలుచని గుడ్డ పరచి, బొటనవ్రేలిని విడిగా వదలినచో గబ్బిలపు రెక్క అగును. పైచేతిని పొట్టి చేసి, వ్రేళ్ళలో ముక్కలను పెంచి, అన్నిటిని మట్టితో కప్పివేసినచో తిమింగలపు ఈతరెక్క అగును. నడిమి వ్రేలిని మాత్రము బలముగా పెంచి, ప్రక్కవ్రేళ్ళను సన్నని పుల్లలుగా కుదించి, ముంజేతి ఎముకలను అతికినచో గుఱ్ఱపు ముందుకాలు అగును. దాని గిట్ట నడిమి వ్రేలి గోరే. ముందుకాలికి మోకాలని మనము చెప్పునది నిజమునకు దాని మణికట్టు. గుఱ్ఱము మనవలె ముంజేతిని త్రిప్పలేకపోవుట ఏలనో ఇప్పుడు వేరుగా చెప్పనక్కరలేదు.

మాంసాహారుల ఇంట వంటగదియే ప్రయోగశాల కాగలదు. కోడిరెక్కను శుభ్రపరచి చూచినచో పైన ఒక ఎముక, దాని క్రింద రెండు, కొసకు అతుక్కొనిపోయిన చేయి కనబడును. సీతాకోకచిలుకకును రెక్కలున్నవి గదా అని పిల్లలు అడుగుదురు. అడుగనిండు. ఆ రెక్కలో ఎముకయే లేదు. చేయు పని ఒకటైనంత మాత్రమున నిర్మాణము ఒకటి కాదని వారికి అప్పుడు తెలియును.

1555లో ఫ్రెంచి ప్రకృతిశాస్త్రజ్ఞుడు పియేర్ బెలోన్ మనుష్యుని అస్థిపంజరమును, పక్షి అస్థిపంజరమును ఎదురెదురుగా అచ్చువేయించి పోలికలను చూపెను. ఎగురుటకు, ఈదుటకు, పరుగెత్తుటకు ఒకే అమరిక ఏల? ఈ ప్రశ్నకు 1859లో డార్విన్ సమాధానము చెప్పెను. ఈ ప్రాణులన్నియు ఒకే పూర్వికుల సంతతి. సంక్రమించిన అవయవమే తరతరములుగా వేర్వేరు పనులకు అనుగుణముగా మారినది. 2004లో ఉత్తర కెనడాలో టిక్టాలిక్ అను చేప శిలాజము దొరకినది. సుమారు 37 కోట్ల 50 లక్షల సంవత్సరముల నాటి ఆ చేప ఈతరెక్కలో ఒక ఎముక, తరువాత రెండు, అటుపై చిన్న ఎముకలు ఉన్నవి. మనము మట్టితో కట్టినది ఆ వరుసనే.

2023లో కేంద్ర పాఠ్యప్రణాళిక ననుసరించు పదవ తరగతి పుస్తకము నుండి పరిణామ భాగము తొలగింపబడినప్పుడు 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, అధ్యాపకులు తమ అభ్యంతరమును తెలిపిరి. పదవ తరగతి తరువాత వేరు శాస్త్రములకు మరలు పిల్లలకు ఆ పాఠము వినబడు అవకాశము మరల రాకపోవచ్చును. వారికి ఇంటిలోనైనను ఈ పాఠము దొరకవలెను.

తల్లిదండ్రులకు మా మనవి ఇది. వినాయక చవితికి తెచ్చిన మట్టిలో కొంత మిగిల్చి పిల్లల చేతికిండు. తొలుత వారు తప్పుగానే చేయుదురు. వెంటనే దిద్దవలదు, తమ మోచేతిని తామే తడిమి చూచి దిద్దుకొననిండు. తరువాత వీలైనప్పుడు హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలకు తీసికొనిపొండు. పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామనపల్లి ప్రాంతమున దొరకి, 1988లో కోటసారస్ అను పేరు పొందిన రాక్షసిబల్లి అక్కడ నిలిచియున్నది. దాని పొడవు సుమారు 9 మీటర్లు. పిల్లలను దాని ముందుకాలి కడ నిలిపి, పైనుండి ఎముకలను లెక్కింపుమనుడు. ఒకటి, తరువాత రెండు అని వారే చెప్పుదురు.