అడుగుజాడలు చదివే విద్య

(మైదుకూరులో విద్యార్థులు, గ్రామస్థుల సమక్షంలో చేసిన ప్రసంగపాఠం)

 

మహాశివరాత్రి సమీపిస్తే మన సీమలో లంకమల స్మరణ మొదలవుతుంది. బద్వేలు వైపు కొండలలో కొలువైన లంకమల్లేశ్వరస్వామిని దర్శించడానికి భక్తులు అడవిదారి పడతారు. ఆ స్వామి పేరుమీదనే 1988లో 464 చదరపు కిలోమీటర్ల అడవిని శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించారు. స్వామి దర్శనానికి వెళ్ళేవారిలో చాలామందికి ఆ అడవి ఎవరి కోసం అభయారణ్యమైనదో తెలియదు. ఒక పిట్ట కోసం. దాని పేరు కలివికోడి.

పేరులో కోడి ఉన్నా అది కోడిజాతిది కాదు. జానకు కొంచెం మించిన పొడవు, సన్నని పొడుగాటి కాళ్ళు, రొమ్ముమీద రెండు పట్టీలు. కలివి, రేగు, చండ్ర పొదల మధ్య నేలమీద తిరుగుతుంది. పగలు పొదనీడన కదలక కూర్చుని, చీకటి పడిన తరువాత పురుగుల కోసం బయలుదేరుతుంది. ఎగరడం కంటే పరుగెత్తడమే దానికి ఇష్టం. కలివిపొదల్లో ఉండేది గనుక మనవారు దానిని కలివికోడి అన్నారు. 1848లో శాస్త్రగ్రంథాలకు ఎక్కినప్పుడు అది జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుని పేరుతో ప్రసిద్ధమైనది.

1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించినట్లు ఒక నమోదు ఉన్నది. ఆ తరువాత 86 సంవత్సరాలు శాస్త్రజ్ఞులకు దాని జాడ లేదు. అంతరించిపోయినదని చాలామంది తలచారు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ గారు మన పల్లెలకు వచ్చి, పక్షిబొమ్మ చూపి, వేటగాళ్ళను, కాపరులను విచారించారు. 1986 జనవరిలో లంకమల పాదంలోని రెడ్డిపల్లె వద్ద ఐతన్న అనే స్థానికుడు రాత్రివేళ ఆ పక్షిని పట్టి చూపాడు. లోకంలో లేదనుకున్నది మన పొదల్లో ఉన్నదని తేలింది.

మా తర్కశాస్త్రంలో జ్ఞానానికి సాధనాలను ప్రమాణాలంటారు. కంటితో చూడటం ప్రత్యక్షం. గుర్తును బట్టి ఊహించడం అనుమానం. నమ్మదగినవారి మాట శబ్దం. 86 సంవత్సరాలపాటు గ్రంథంలోని శబ్దం "కానరాదు" అన్నది. ఆ కాలమంతా ప్రత్యక్షం అడవి అంచున, అక్షరం రానివాని కంటిలో భద్రంగా ఉన్నది. అతనిని వెళ్ళి అడిగినవారు లేక లోకానికి తెలియలేదు.

దీనికి ఎదురుగా మరొక ఉదంతం చెబుతాను. 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో ఎవరో ఒక గుడ్డు సేకరించారు. అది చేతులు మారి స్కాట్లాండులోని అబర్డీన్ పట్టణంలో ఒక పాఠశాలకు, అక్కడి నుండి విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలకు చేరింది. అది కలివికోడి గుడ్డని 2013లో గాని లోకానికి తెలియలేదు. ఎన్ని తరాల విద్యార్థులు దాని పక్కనుండి నడచిపోయారో! బడిలో వస్తువు ఉండటం వేరు, బడిపిల్లలకు దానిని గుర్తించే విద్య ఉండటం వేరు.

విద్య నాలుగు కాలాలలో సార్థకమవుతుందని పతంజలి మహర్షి వ్యాకరణ మహాభాష్యంలో నిరూపించారు. గురువు వద్ద వినే కాలం, తనలో తాను అభ్యసించే కాలం, పరులకు బోధించే కాలం, వ్యవహారంలో వినియోగించే కాలం. నేడు పర్యావరణమనే పాఠం పుస్తకాలలో ఉన్నది. విద్యార్థులు వింటున్నారు, వల్లిస్తున్నారు, పరీక్షలో వ్రాస్తున్నారు. అంటే రెండు కాలాలు గడిచినవి. మిగిలిన రెండూ చేతులతో, కాళ్ళతో చేయవలసినవి. అవి పల్లెలోనే సాధ్యం.

ఎట్లా చేయాలో చెబుతాను. కలివికోడిని వెదకిన శాస్త్రజ్ఞులు ఒక సులభోపాయం వాడారు. పొదల మధ్య కొన్ని మీటర్ల పొడవున మెత్తని మట్టిని పట్టీలాగా పరచి ఉంచారు. రాత్రి దానిమీద నడచిన ప్రాణి అడుగు ఉదయానికి అచ్చువలె కనిపిస్తుంది. కలివికోడికి వెనుకవేలు లేదు, ముందుకు మూడు వేళ్ళే. కౌజుపిట్టకు వెనుకవేలు కూడా ఉన్నది. అయితే మూడు వేళ్ళ గుర్తు కనబడగానే కలివికోడి అని తీర్పు చెప్పరాదు. వెనుకవేలు లేని పక్షులు మరికొన్ని ఉన్నవి. అందుచేత వారు అడుగును కొలిచారు, రాత్రివేళ తానంతట తాను బొమ్మతీసే కెమెరాను పెట్టి సరిచూశారు.

మన తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహాన్ని నేను బాల్యంలో చదివాను. కొండమీద పొగను చూసి నిప్పును ఊహించే ఉదాహరణ అందులో ప్రసిద్ధం. సాధ్యం లేని చోట కూడా కనిపించే గుర్తు మంచి హేతువు కాదని, దానిని సవ్యభిచారమనే హేత్వాభాసంగా గ్రహించాలని అక్కడే నేర్పుతారు. మూడు వేళ్ళ గుర్తు సరిగ్గా అటువంటిదే. వేలెడు మందం మట్టిపట్టీ పక్కన కూర్చున్న ఏడవ తరగతి పిల్ల "ఇది ఒక్కటే చాలదు, ఇంకొక ఆధారం కావాలి" అన్ననాడు ఆమెకు తర్కశాస్త్రం వచ్చినట్లే.

దీనికోసం అభయారణ్యంలోకి పోనక్కరలేదు. అటవీశాఖ అనుమతి లేనిదే పోరాదు కూడా. బడి వెనుక బీడులో, చెరువుకట్ట కింద, గుట్ట పక్కన ఒక పట్టీ పరవండి. జల్లెడ, చీపురు, కొలబద్ద, నోటుపుస్తకం ఉంటే చాలు. ఉడుము, ముంగిస, కుందేలు, కౌజు ఏవి వచ్చి పోయినవో తేదీ వేసి వ్రాయండి. ఏ ప్రాణినీ పట్టవద్దు, ఏ గూటినీ తాకవద్దు. ఒక సంవత్సరం వ్రాసిన పుస్తకం మీ ఊరికి ఆస్తి.

రెండవ అభ్యాసం లెక్కలకు సంబంధించినది. కలివికోడి మరీ చిక్కని అడవిలో ఉండదు, బోడినేలలోనూ ఉండదు. మనిషి ఎత్తుకు మించిన పొదలు హెక్టారుకు 300 నుండి 700 వరకు ఉన్న చోట అది కనబడే అవకాశం ఎక్కువని పరిశీలనలో తేలింది. హెక్టారంటే పదివేల చదరపు మీటర్లు. పది మీటర్ల తాడు పట్టి చతురస్రం గీస్తే అది హెక్టారులో నూరవవంతు. అందులో మూడు నుండి ఏడు పెద్దపొదలు ఉండాలన్నమాట. ఈ లెక్క ఐదవ తరగతి పిల్లవాడు చేయగలడు.

పొదలు ఆ మోతాదులో నిలవడానికి జీవాల మేత కూడా ఒక కారణమని ఆ పరిశీలకులే గమనించారు. మేత మితిమీరితే నేల బోడి అవుతుంది. పూర్తిగా ఆగితే పొద చిక్కబడి పక్షికి పరుగెత్తే చోటు ఉండదు. కనుక ఈ పక్షి బ్రతుకు కాపరి నడకతో ముడిపడి ఉన్నది.

ఇక్కడ అభయారణ్యమనే మాటను విచారించాలి. భయం లేని అరణ్యం అని అర్థం. భయం లేనిది ఎవరికి? పక్షికి భయం పోయి, తరతరాలుగా అక్కడ జీవాలు మేపుకొన్న కాపరికి భయం పుట్టితే ఆ పేరు సగమే సార్థకం. భయపడినవాడు తెలిసినది చెప్పడు. అతడు చెప్పకపోతే 86 సంవత్సరాల మౌనం మళ్ళీ మొదలవుతుంది. అందుచేత బడికి కాపరిని పిలవండి. చాప వేసి కూర్చోబెట్టండి. మీ జేజినాయనను, అవ్వను అడగండి. ఏ పొదకు ఏ పేరు, ఏ కూత ఏ పక్షిది, ఏ నెలలో ఏ కాయ పండుతుంది అని అడిగి వ్రాసుకొనండి. ఆ రోజు అతడే గురువు, మీ ఉపాధ్యాయుడు కూడా అతని ముందు విద్యార్థియే.

వ్రాసినది వృథా పోదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానికసంస్థకు ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును సిద్ధం చేయాలి. ఊరిలోని చెట్టూచేమ, పశుపక్ష్యాదులు, వాటిని గురించి పెద్దలకు తెలిసిన సంగతులు అందులో చేరాలి. పెద్దల నోటిమాట, పిల్లల చేతివ్రాత కలిస్తే ఆ రిజిస్టరుకు ప్రాణం వస్తుంది.

"నీళ్ళు లేని సీమలో పిట్ట గోల ఏల?" అని అడిగేవారు ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కె.సి. కాలువ, తెలుగుగంగ మన వరికి, పసుపుకు ప్రాణం. 2005లో తెలుగుగంగ కాలువ పనులు కలివికోడి తిరిగే పొదలలోకి వచ్చినవి. తరువాత కాలువ దారిని మార్చారు. పక్షి ఎక్కడ తిరుగుతున్నదో అడుగుజాడలను బట్టి ముందే తెలిసి ఉండటం చేత ఫలానా చోటు విడువండి అని చెప్పగలిగారు. తెలియనినాడు రెండే మార్గాలు, కాలువనైనా వదులుకోవాలి, పక్షినైనా వదులుకోవాలి. తెలిసిననాడు మూడవ దారి కనబడుతుంది. రైతుబిడ్డలకు ఈ విద్య ఎందుకంటే ఇందుకే.

భక్తులకు ఒక విన్నపం. స్వామి దర్శనానికి వెళ్ళినప్పుడు దారి విడిచి పొదలలోకి పోవద్దు. చీకటివేళ మైకులు, టపాసులు వద్దు. నిప్పు ఆర్పకుండా కదలవద్దు. తీసుకువెళ్ళిన ప్లాస్టిక్ సంచి తిరిగి ఇంటికే రావాలి. ఆ పొదలలో తిరిగేవి కూడా స్వామి పరివారమే.

ఉపాధ్యాయులకు ఒక మాట. వచ్చే వారం ఒక పట్టీ మట్టి పరవండి. మరునాడు తెల్లవారి పిల్లలను ఎండ ఎక్కకముందే అక్కడికి పిలవండి. జాడ మీరు చెప్పవద్దు, వారినే చదవనివ్వండి.

స్వస్తి.