గుడ్డతో కుట్టిన ఇల్లు

వలస పోవువాడు వెంట ఏమి తీసికొని పోగలడు? వంటపాత్రలు, ఇష్టదేవతా పటము, ఊరగాయ జాడీ. ఇల్లు మాత్రము ఎక్కడిదక్కడనే నిలిచిపోవును. ఆ యింటిని సైతము మడిచి పెట్టెలో పెట్టుకొని పోయిన శిల్పి యొకడు కలడు. అతని పేరు డో హో సు. నేడు మేము శ్రోతలతో ముచ్చటింపదలచినది అతని యిండ్లను గూర్చియే.

అతడు 1962లో కొరియాదేశమున సియోల్ నగరములో జన్మించెను. తండ్రి సు సే-ఓక్ పేరుపొందిన చిత్రకారుడు. 1970 తరువాతి సంవత్సరములలో నగరమంతయు కాంక్రీటు మేడలతో నిండుచుండగా, ఆయన పట్టుబట్టి పూర్వపద్ధతిలో కొయ్య స్తంభములు, కాగితపు తలుపులు గల ఇల్లు కట్టించుకొనెను. 1828లో రాజప్రాసాదపు ఆవరణలో వెలసిన ఒక గృహము దానికి మాతృక. మన మండువా లోగిళ్ళలో పెరిగినవారికి అట్టి యిల్లు విడుచుట యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

1991లో కుమారుడు విద్యార్థియై అమెరికా చేరెను. న్యూయార్కులో వీధి రొదకు నిద్ర పట్టని రోజులలో, తాను కడపట హాయిగా నిద్రించినది ఎక్కడ అని తలపోయగా, సియోల్‌లోని యిల్లు జ్ఞప్తికి వచ్చినదట. దానిని రప్పించుకొనుట యెట్లు? గడప గడపకు, గోడ గోడకు కొలతలు తీసి, కొరియా కుట్టుపనివారి యొద్ద మెలకువలు నేర్చి, పలుచని లేతాకుపచ్చ పట్టుతో ఇంటి నంతటిని కుట్టెను. 1999లో లాస్ ఏంజిలిస్‌లో అది తొలుత ప్రదర్శింపబడెను. పైకప్పునుండి వ్రేలాడు ఆ యింటిని చూపరులు క్రింద నిలిచి తలయెత్తి చూడవలెను.

దాని పేరును విచిత్రమే. 'సియోల్ ఇల్లు, లాస్ ఏంజిలిస్ ఇల్లు' అని మొదలై, ప్రదర్శించిన నగరముల పేర్లను చేర్చుకొనుచు, న్యూయార్కు ఇల్లు, బాల్టిమోరు ఇల్లు, లండను ఇల్లు అని పెరుగుచు పోయెను. తాతలు విడిచివచ్చిన ఊరిని ఇంటిపేరులో మోయుచున్న తెలుగువారికి ఇది వింతగా తోచదు.

గాలికి కదలు గోడ గోడయేనా యని కొందరి ఆక్షేపణ. నిజమే, అది వాన నాపదు, దొంగ నాపదు. కాని ఆ పట్టుగోడ గుండ ఆవలి మనుష్యులు, దీపములు అన్నియు కనబడుచుండును. ఇల్లును కనబడుచునే యుండును. పరదేశమున వసించువాడు లోకమును చూచుట అట్టి గోడ చాటునుండియే యని మా తలంపు. రాతితో చేసినచో ఆ భావము దొరకెడిది కాదు.

2012లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున, ఏడంతస్తుల భవనపు అంచుపై, పెనుగాలికి ఎగిరివచ్చి చిక్కుకొన్నట్లు ఒక చిన్న ఇంటిని నిలిపెను. లోపల సామానంతయు సిద్ధముగ నుండును. నేల మాత్రము వాలు. అడుగిడినవారికి తల తిరుగును.

అందరి గృహస్మృతియు పట్టువలె మెత్తనిది కాదు. మోనా హటూమ్ పాలస్తీనా కుటుంబమున 1952లో బేరూత్‌లో జన్మించెను. 1975లో ఆమె లండను చూడవచ్చియుండగా లెబనానులో అంతర్యుద్ధము చెలరేగి, తిరుగుదారి మూసికొనిపోయెను. 2000లో ఆమె కూర్చిన రచనలో బల్ల, కుర్చీలు, తురుముపీటలు, చిల్లుల గిన్నెలు విద్యుత్తీగలతో ముడిపడి యుండును. నడుమ దీపములు వెలుగుచు మందగించుచుండును. విద్యుత్తు రొద బిగ్గరగ వినవచ్చును. ఎదుట తీగల కంచె. సు కుట్టిన యింటి నీడన ఎవరైనను నిలువవచ్చును; ఈ వంటయింటిలోనికి గృహిణి కూడ పోజాలదు.