సిడ్నీ నుండి హోబార్టునకు

ప్రతి సంవత్సరము డిసెంబరు 26వ తేదీ మధ్యాహ్నము సిడ్నీ రేవులో ఫిరంగి మ్రోగును. ఆ మ్రోతకై కాచుకొనియున్న తెరచాప పడవలు ఒక్కసారిగా గాలి నందుకొని, రేవు ముఖద్వారము దాటి దక్షిణమునకు తిరుగును. మనకది చలికాలము, ఆస్ట్రేలియాలో నిండు వేసవి. తీరపు గుట్టలపై వేలాది జనము నిలిచి వానిని సాగనంపుదురు. అక్కడినుండి టాస్మేనియా దీవిలోని హోబార్టు నగరమునకు 628 నాటికల్ మైళ్ళు, అనగా సుమారు 1,163 కిలోమీటర్లు. అంత దూరమును పడవను నడుపవలసినది గాలి యొక్కటే.

ఈ పందెము పుట్టుక చిత్రమైనది. 1945లో, యుద్ధము ముగిసిన యేడు, పీటర్ ల్యూక్ మొదలగు సిడ్నీ మిత్రులు కొందరు హోబార్టు దాకా విహారముగా పోవ తలచిరి. అప్పుడు అచ్చట నున్న బ్రిటిషు నౌకాదళాధికారి జాన్ ఇల్లింగ్‌వర్తును కూడ రమ్మని పిలిచిరి. విహారమేల, పందెముగనే పోవుదమని ఆయన సూచించెను. తొమ్మిది పడవలు బయలుదేరినవి. ఇల్లింగ్‌వర్తు పడవ పేరు మన చెవికి క్రొత్తది కాదు: 'రాణి'. దారిలో గాలివాన పట్టుకొన్నది. రాణి జాడ తెలియలేదు. వెదకబోయిన విమానములకు కనబడలేదు. మునిగినదేమో యని లోకము దిగులుపడుచుండగా, అది టాస్మేనియా తీరమున ప్రత్యక్షమై, 6 రోజుల 14 గంటల 22 నిమిషములలో అన్నిటికంటె ముందు గమ్యము చేరెను. 2017లో 'కొమాంచీ' అను మహానౌక ఇదే దూరమును 1 రోజు 9 గంటల 15 నిమిషములలో గడచినది!

ఐతే ముందు చేరినవారే విజేతలని తలచరాదు. పెద్ద పడవ సహజముగనే వేగముగ పోవును. కనుక ఒక్కొక్క పడవ పొడవు, బరువు, తెరచాపల వైశాల్యము మున్నగువాని ననుసరించి కాలమును సవరించి లెక్కింతురు. అట్లు గెలిచినవారికే టాటర్సాల్ కప్పు. నావికులు మిక్కిలి గౌరవించునది ఈ బహుమతినే.

ఇక దారి సంగతి. మొదట పచ్చని కొండలు, ఇసుక తిన్నెలు గల తూర్పు తీరము వెంబడి సాగును. గ్రీన్ కేప్ అను అగ్రము దాటినంతనే ఒడ్డు మరుగై, బాస్ జలసంధి ఎదురగును. తుదిని టాస్మన్ దీవి వద్ద నల్లని రాతిస్తంభములు కోటగోడలవలె సముద్రమునుండి నిటారుగా లేచియుండును. వాని సొగసు చూచుటకు తీరిక చిక్కునది అదృష్టవంతులకే. బాస్ జలసంధి లోతు తక్కువ. ఉత్తరమునుండి దిగివచ్చు సముద్ర ప్రవాహమునకు దక్షిణపు గాలి ఎదురైనచో, కెరటములు నిట్టనిలువుగా లేచి విరుగును.

1998లో జరిగినది అదియే. 115 పడవలు బయలుదేరగా, మరునాడు వాయుగుండము వానిపై బడినది. ఆ మధ్యాహ్నము పడవలన్నియు రేడియోలో తమ స్థానములు చెప్పు వేళ వచ్చినది. పందెములో నున్నవారు గాలి వివరములు ప్రత్యర్థులకు చెప్పుట వాడుక కాదు. ఐనను 'స్వోర్డ్ ఆఫ్ ఓరియన్' పడవ నాయకుడు, తామున్నచోట గాలి 78 నాట్ల వరకు, అనగా గంటకు సుమారు 144 కిలోమీటర్ల వేగమున వీచుచున్నదని అందరును వినునట్లు ప్రకటించెను. విన్నవారిలో కొందరు వెనుకకు మరలిరి. ఆ పడవయు మరలినది. కాని దారిలో కెరటము దానిని తలక్రిందులు చేయగా, గ్లిన్ చార్లెస్ అను నావికుడు సముద్రము పాలయ్యెను. 1945 నాటి తొలి పందెములో పాల్గొన్న 'విన్‌స్టన్ చర్చిల్' కూడ ఆనాడే మునిగినది. మొత్తము ఆరుగురు మరణించిరి, ఐదు పడవలు మునిగినవి. 55 మందిని రక్షించిరి. హోబార్టు చేరినవి 44 మాత్రమే. కప్పు గెలిచినది 35 అడుగుల చిన్న పడవ, 'మిడ్‌నైట్ రాంబ్లర్'. వెనుదిరుగుటకంటె కెరటములకు ముఖము చూపుటయే మేలని వారు నిర్ణయించుకొనిరి.

మరలిన పడవకు ఆపద. సాగిన పడవకు విజయము. దీనినిబట్టి సాగుటయే మంచిదనిన పొరపాటగును. విన్‌స్టన్ చర్చిల్ వెనుదిరుగలేదు గదా! ఏ పడవకు ఏది తగునో తేల్చవలసినవాడు దాని నాయకుడే. పందెపు నియమావళియు ఆ భారమును అతనిపైననే ఉంచినది.

ఆ విషాదము తరువాత ఒక నియమము వచ్చినది. గ్రీన్ కేప్ వద్ద ప్రతి పడవయు రేడియోలో పలుకవలెను: ప్రాణరక్షణ పరికరములు సరిగానున్నవి, వాతావరణ సూచన విన్నాము, మేమును మా పడవయు ముందుకు పోవుటకు సిద్ధముగా నున్నాము అని. ఆ మాట చెప్పలేనివారు జలసంధిలో అడుగిడరాదు. ఇంత చేసినను సముద్రము సముద్రమే. 2024లోను ఇద్దరు నావికులు అసువులు బాసిరి.

శ్రోతలారా, తుపాను హెచ్చరిక రేడియోలో విని, పడవను ఒడ్డునకు లాగి కట్టివేయు మన కోస్తా పల్లెకారునకు ఈ నీతి క్రొత్తది కాదు. 1945లో రాణి నుండి కబురు లేక జనము తల్లడిల్లిరి. నేడు గ్రీన్ కేప్ వద్ద పలికెడి ఆ నాలుగు మాటలకై తీరము చెవి యొగ్గి యుండును. 'సాగెదము' అని చెప్పుటకు ధైర్యము కావలెను. 'మరలుచున్నాము' అని చెప్పుటకు అంతకు తక్కువ ధైర్యము చాలదు.