సుత్తి పట్టే చదువు

విశాఖలో కైలాసగిరి ఎక్కినవాళ్లు దారి పక్క ఎర్రబారిన రాళ్లను చూసే ఉంటారు. ఆ రాయి పేరు ఖోండలైటు. తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరే ఆ రాయికి పెట్టారు. జియాలజీలో ఎమ్మెస్సీ అంటే ఇలాంటి రాళ్లతో రెండేళ్ల కాపురం.

సగం చదువు ఎండలోనే. సుత్తి, భూతద్దం, పొరల వాలును కొలిచే క్లైనోమీటరు సంచిలో వేసుకుని కడప వైపో, మరో కొండకో వెళ్లాలి. తెచ్చిన రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీస్తే, అంత మొరటు రాయీ అద్దంలా వెలుగును పోనిస్తుంది. మైక్రోస్కోపు కింద దాని రంగులు చూసి తీరాల్సిందే!

ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో ఈ కోర్సుకు పీజీ ప్రవేశ పరీక్షలు రాయాలి, ఐఐటీలకైతే జామ్ అనే పరీక్ష. డిగ్రీలో జియాలజీ చదివి ఉంటే మేలు.

ఉద్యోగమా? 1851లో పుట్టిన భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు యూపీఎస్సీ ప్రత్యేకంగా పరీక్ష పెడుతుంది. గనులు, చమురు, భూగర్భజలాల సంస్థలూ ఉన్నాయి. కాకపోతే ఏడాదిలో కొన్ని నెలలు ఇంటికి దూరంగా, అడవుల్లో క్యాంపుల్లో గడపాలి. ఆ మాట ఇంట్లో ముందే చెప్పి చేరండి.