హాజరు ఎవరికి తప్పనిసరి?

(సఖినేటిపల్లిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాలేజీలో పాఠాలకు హాజరు తప్పనిసరిగా ఉండాలా, విద్యార్థుల ఇష్టానికి వదిలెయ్యాలా అన్నది ఈ రోజు మన ముందున్న ప్రశ్న. ఇది యూనివర్సిటీ వాళ్ళు తేల్చుకోవలసిన సంగతిలా కనిపిస్తుంది. కానీ ఈ నిబంధన ఎవరిని చదువులో నిలబెడుతోంది, ఎవరిని బయటికి నెడుతోంది అని అడిగితే, ఇది ఆడపిల్లల హక్కుల సమస్య అని అర్థమవుతుంది.

మన యూనివర్సిటీల్లో చాలావరకు 75 శాతం హాజరు ఉండాలి. కాకినాడ జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ నిబంధనల ప్రకారం 65కీ 75కీ మధ్య ఉంటే వైద్య కారణాలు చూపి, రుసుం కట్టి మినహాయింపు పొందవచ్చు. 65 కంటే తగ్గితే పరీక్ష రాయనివ్వరు. ఫీజు రీయింబర్స్‌మెంటుకీ 75 శాతం షరతే పెట్టారు. అంటే హాజరు తగ్గితే చదువూ ఆగుతుంది, ఫీజు డబ్బూ ఆగుతుంది.

ఇక్కడి ఆడపిల్ల నరసాపురంలో డిగ్రీ చదవాలంటే రేవుకి వెళ్ళి పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటాలి. లేదా దిండి-చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి. వరద వస్తే పంటు ఆపేస్తారు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటప్పుడు గోదావరి ఆపిన రోజుకీ, కావాలని మానేసిన రోజుకీ రిజిస్టరులో ఒకటే గుర్తు.

గోదావరి కంటే పెద్ద అడ్డు ఇల్లు. కోనసీమ నుంచి ఎంతమంది తల్లులు ఇంటిపనికి కువైట్, దుబాయ్ వెళ్ళారో మీకు చెప్పనక్కర్లేదు. తల్లి వెళ్ళిపోతే వంటా, తమ్ముళ్ళ బాగోగులూ, నానమ్మ మందులూ పెద్దకూతురి మీద పడతాయి. కొడుకు మీద పడవు. ఆ పిల్ల క్లాసుకి రాకపోతే బద్ధకం అంటారా?

అయితే తప్పనిసరి అన్నది ఎత్తేద్దామా? ఇక్కడ తొందరపడకూడదు. "వెళ్ళకపోతే పరీక్ష రాయనివ్వరు నాన్నా" అన్న మాటే చాలా ఇళ్ళలో పిల్లని గడప దాటిస్తోంది. రావడం ఇష్టమైతే చాలని కాలేజీ అంటే, "పరీక్షలకి వెళ్తే సరిపోదా" అని ఇల్లు అంటుంది. మగపిల్లాడికి సెంటరుంది, స్నేహితులున్నారు. ఆడపిల్లకి నలుగురితో మాట్లాడే చోటు కాలేజీ ఒక్కటే. కాబట్టి హాజరు నియమం ఉండాలి. పోవలసింది దాని వెనకున్న శిక్ష.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. గర్భిణి అయిన లా విద్యార్థినిని హాజరు తక్కువని ఆపకూడదని 2010లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 2018లో అదే కోర్టు మరో గర్భిణికి ఆ వెసులుబాటు ఇవ్వలేదు. తీర్పుల మీదే ఆధారపడితే ఇలాగే ఉంటుంది. అందుకే రాతపూర్వకమైన నియమం కావాలి. ప్రసూతి సెలవుకీ, హాజరు సడలింపుకీ నియమాలు చేయమని యు.జి.సి. 2021 డిసెంబరులో యూనివర్సిటీలకు రాసింది. కేరళ 2023 జనవరిలో విద్యార్థినులకు 73 శాతం చాలంది, 60 రోజుల ప్రసూతి సెలవు ఇచ్చింది. హాజరు తక్కువని లా విద్యార్థులెవరినీ పరీక్షకు దూరం చెయ్యకూడదని 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది.

మనం అడగవలసినవి నాలుగు. ఒకటి, పంటు ఆగిన రోజులూ వరద రోజులూ గైర్హాజరు కింద లెక్కించకూడదు. రెండు, ప్రసూతి సెలవు నియమం రాసి నోటీసు బోర్డులో పెట్టాలి. మూడు, పిల్ల వరసగా పది రోజులు రాకపోతే పరీక్షల దాకా ఆగకుండా, అప్పుడే ఎవరైనా ఇంటికెళ్ళి కారణం కనుక్కోవాలి. నాలుగు, ఎన్ని పాఠాలు చెప్పవలసి ఉంది, ఎన్ని చెప్పారు, ఎన్ని పోస్టులు ఖాళీ అన్న లెక్క కూడా అదే బోర్డులో ఉండాలి. పాఠం చెప్పేవాళ్ళు లేని గదికి రమ్మని పిల్లల్ని బలవంతపెట్టే హక్కు ఎవరికుంది?

మూడో పని మనమూ చెయ్యగలం. మీ ఊళ్ళో కాలేజీ మానేసిన పిల్లల పేర్లు రాసుకోండి. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళండి. ఆ కారణాలన్నీ పట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి కలిసి వెళదాం.