శిబిరంలోనూ ఆట ఆగలేదు



కంబోడియాలో 1975 నుంచి 1979 దాకా ఖ్మేర్ రూజ్ పాలన. పదిమంది కళాకారుల్లో తొమ్మిదిమంది బతకలేదని అంచనా. మిగిలినవాళ్లలో కొందరు థాయ్‌లాండ్ సరిహద్దు దాటి, ఖావో-ఇ-డాంగ్ శిబిరంలో గుడిసెల మధ్యే పిల్లలకు ఆట నేర్పారు. గురువు ఒంట్లో ఉన్నదే పుస్తకం. అమెరికా చేరినవాళ్లు 1986లో లోవెల్ పట్టణంలో అంగ్కోర్ డాన్స్ ట్రూప్ పెట్టుకున్నారు. అక్కడే పుట్టిన పిల్లలూ ఆ ఆట నేర్చారు.

మనకెందుకీ ముచ్చట అంటారా? పోలవరం ముంపులో ఊళ్లు పోయిన కోయలు ఇప్పుడు కాలనీల్లో ఉన్నారు. పండుగ చేసుకునే జాగా సర్కారును అడుగుదాం, కొట్లాడుదాం. కొమ్ముల ఆట మాత్రం ఏ ప్యాకేజీలోనూ రాదు. డోలు తాత ఉండగానే వెళ్లండి. ఫోన్లో రికార్డు చేస్తే చాలదు, డోలు మీ భుజానికెత్తుకోండి.

జై ఆదివాసీ!